మార్చడం మరమ్మతు కాదు

మన ఫ్యాక్టరీల్లో ప్రాక్సిమిటీ సెన్సార్ల గురించి ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. సిమెంటు ప్లాంటుకు వెళ్లినా, రోలింగ్ మిల్లుకు వెళ్లినా, బొగ్గు కన్వేయర్ల దగ్గరకు వెళ్లినా అదే మాట. "ఇవి సున్నితమైన వస్తువులండీ. ఈ దుమ్ములో, ఈ వేడిలో ఎన్నాళ్లుంటాయి? పోయినప్పుడల్లా మార్చుకుంటూ పోవడమే. మరీ తరచుగా పోతుంటే ఎక్కువ ఐపీ రేటింగున్న ఖరీదైన రకం తెప్పించుకోవాలి." కొత్తగా చేరిన అప్రెంటిస్‌కు సీనియర్లు ఈ మాటే నేర్పుతారు. సెన్సార్లు అమ్మడానికి వచ్చేవాళ్లూ ఇదే చెబుతారు. అందరూ ఒప్పుకున్న మాట కాబట్టి దాన్ని ఎవరూ పరీక్షించరు.

ఈ అభిప్రాయం తప్పు. తప్పుతో ఆగకుండా ప్రమాదానికి కూడా దారితీస్తోంది. ఒకే చోట ఒకే సెన్సారు మళ్లీ మళ్లీ పోతోందంటే లోపం ఆ చోటులో ఉంది. దాన్ని వెతకకుండా కొత్త సెన్సారు బిగించడం అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే.

ముందుగా సున్నితత్వం సంగతి చూద్దాం. 1958లో జర్మనీలోని మాన్‌హైమ్‌కు చెందిన పెపర్ల్ అండ్ ఫుక్స్ సంస్థ ఇండక్టివ్ ప్రాక్సిమిటీ స్విచ్‌ను తయారుచేసింది. అడిగింది బీఏఎస్ఎఫ్ రసాయన కర్మాగారం. మెకానికల్ స్విచ్‌లో కాంటాక్టులు అరుగుతాయి, తుప్పు పడతాయి. పేలుడు వాయువులున్న చోట కాంటాక్టు దగ్గర లేచే నిప్పురవ్వ ప్రాణాలే తీస్తుంది. ఆ బెడద లేని స్విచ్ కావాలనే దీన్ని కనిపెట్టారు. అంటే మనం సున్నితమని పేరుపెట్టిన ఈ వస్తువు పుట్టిందే కఠినమైన చోట్ల పనిచేయడానికి.

అది పనిచేసే తీరు చూసినా ఆ సంగతే తెలుస్తుంది. సెన్సారు ముఖం వెనక ఒక కాయిల్, ఒక ఆసిలేటర్ ఉంటాయి. కాయిల్ తన ముందు వేగంగా మారే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. లోహం దగ్గరికి వస్తే అందులో ఎడ్డీ కరెంట్లు పుట్టి, ఆసిలేటర్ శక్తిని లాగేస్తాయి. ఆ బలహీనతను పసిగట్టి అవుట్‌పుట్ మారుతుంది. కదిలే భాగం లేదు, అరిగే భాగం లేదు, లోపల ఖాళీ దాదాపు మిగలకుండా రెసిన్ పోస్తారు. బొగ్గు పొడి, సిమెంటు పొడి, గ్రీజు ఈ క్షేత్రానికి అడ్డం కావు. పొడినీ తేమనూ కూడా గుర్తించే కెపాసిటివ్ రకం వేరు, దాని కష్టాలు వేరు. మన కన్వేయర్ల మీదా మిల్లుల్లోనూ ఎక్కువగా ఉన్నది ఇండక్టివ్ రకమే, నింద పడుతున్నదీ దాని మీదే.

మరి ఎందుకు పోతున్నాయి? చాలాసార్లు అవి అసలు పోవడం లేదు. పోయిందని తీసిపడేసిన సెన్సారుకు బెంచి మీద 24 వోల్టుల సప్లై ఇచ్చి, ముందు ఒక ఇనుప ముక్క పెట్టి చూడండి. ఎల్ఈడీ శుభ్రంగా వెలిగి ఆరే సెన్సార్లు చెత్తబుట్టల్లో ఎన్ని పడి ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. ఈ పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ. సెన్సారు పోయిందన్న తీర్పు ముందే వచ్చేసింది కాబట్టి విచారణ ఎవరికీ అవసరమనిపించదు.

విచారణ ఎలా ఉండాలో చెబుతాను. మెషిన్ ఆపి, పర్మిట్ తీసుకుని, సెన్సారును బిగించిన చోటే ఉంచి దాని ముఖం ముందు ఒక స్పానర్ పెట్టాలి. ఎల్ఈడీ వెలిగి, ప్యానెల్‌లో పీఎల్‌సీ ఇన్‌పుట్ లైటు కూడా వెలిగితే సెన్సారు, కేబులు, ఇన్‌పుట్ మూడూ బాగున్నట్టే. తప్పు సెన్సారు గుర్తించాల్సిన లోహపు ముక్కదో (దాన్నే ఫ్లాగ్ అంటారు), దానికీ సెన్సారుకూ మధ్య ఉన్న గ్యాప్‌దో. సెన్సారు ఎల్ఈడీ వెలిగి ఇన్‌పుట్ లైటు వెలగకపోతే తప్పు చాలావరకు కేబుల్లోనో జంక్షన్ బాక్సులోనో ఉంటుంది. ముందు ఏమీ లేకున్నా ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటే ముఖానికి ఇనుప పొడి అంటుకుని ఉండాలి, లేదా చుట్టూ ఉన్న బ్రాకెట్ లోహాన్నే అది చూస్తూ ఉండాలి. ఈ రెండూ కాదని తేలాకే సెన్సారు లోపలి లోపాన్ని అనుమానించాలి. స్పానర్ పెట్టినా వెలగకపోతే సెన్సారు టెర్మినళ్ల దగ్గర వోల్టేజి కొలవాలి. అక్కడ సరైన సప్లై ఉండి కూడా వెలగనప్పుడే సెన్సారు పోయిందని అనే హక్కు మనకు వస్తుంది. ఇదంతా నిమిషాల పని. కొత్త సెన్సారు కోసం స్టోర్సుకు మనిషిని పంపి, ఇండెంట్ మీద సంతకం పెట్టించి తెప్పించే లోపు దీన్ని రెండుసార్లు చేయవచ్చు.

ఇప్పుడు గ్యాప్ సంగతి. నా దృష్టిలో సగం అపనిందలు ఇక్కడే పుడుతున్నాయి. ఎం18 ఫ్లష్ సెన్సారు ఒంటి మీద 5 మి.మీ. అని రాసి ఉంటుంది. దాన్ని చూసి నాలుగున్నర దగ్గర పెట్టి, అర మిల్లీమీటరు మిగిలింది కదా అనుకుంటారు. ఆ 5 మి.మీ. అన్నది ఐఈసీ 60947-5-2 ప్రమాణం చెప్పిన ప్రామాణిక ఫ్లాగ్‌తో కొలిచిన నామమాత్రపు దూరం. ఈ సెన్సారుకు ఆ ఫ్లాగ్ అంటే 1 మి.మీ. మందం, 18 మి.మీ. భుజం ఉన్న మైల్డ్ స్టీల్ చతురస్రం. తయారీలో వచ్చే తేడాలనూ, ఉష్ణోగ్రత, వోల్టేజి మారినప్పుడు వచ్చే తేడాలనూ లెక్కలోకి తీసుకుంటే ఖాయంగా పనిచేస్తుందని ప్రమాణం హామీ ఇచ్చే దూరం అందులో 81 శాతమే, అంటే 4 మి.మీ. చిల్లర. ఫ్లాగ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది అయితే దాన్ని సుమారు 0.7తో గుణించాలి, 3 మి.మీ. కన్నా తగ్గిపోతుంది. అల్యూమినియం అయితే సుమారు 0.4, ఒకటిన్నర దగ్గరికి దిగుతుంది. ఇక ప్రత్యేకంగా ఫ్లాగ్ చేయకుండా పుల్లీ మీదున్న ఎం8 బోల్టు తలనే చూపించే అలవాటు ఉంది. ఆ తల వెడల్పు 13 మి.మీ., ప్రామాణిక ఫ్లాగ్ కన్నా చిన్నది. దూరం ఇంకా తగ్గుతుంది.

ఇలా బిగించిన సెన్సారును మే నెల రామగుండం ఎండలో, ఏళ్ల తరబడి తిరిగి బేరింగు వదులైన టెయిల్ పుల్లీ పక్కన ఊహించుకోండి. షాఫ్ట్ కాస్త అటు జరిగితే ఫ్లాగ్ దూరమై పల్స్ తప్పిపోతుంది. ఇటు జరిగితే ఫ్లాగ్ వచ్చి సెన్సారు ముఖాన్నే రాసుకుంటుంది. పల్స్ తప్పినప్పుడు ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు వచ్చి సెన్సారు మారుస్తారు. మార్చేటప్పుడు నట్లు విప్పి మళ్లీ బిగిస్తారు కాబట్టి గ్యాప్ కొత్తగా కుదురుతుంది, బెల్టు నడుస్తుంది. చూశారా, పాతది పోయింది, కొత్తది పెట్టగానే బాగైంది అంటారు. బాగుపడింది గ్యాప్, పేరు కొట్టేసింది కొత్త సెన్సారు. ఈ తప్పుడు అభిప్రాయానికి ఇంత బలం రావడానికి కారణం ఇదే. మార్చిన ప్రతిసారీ అది నిజమైనట్టే కనిపిస్తుంది. బేరింగు మాత్రం అలాగే ఉంటుంది, కొన్ని వారాలకు అదే ఫిర్యాదు తిరిగి వస్తుంది.

ఇక ఖరీదైన రేటింగు మీద భక్తి. ఐపీ 67 అంటే ఏమిటో చూద్దాం. దుమ్ము చొరబడదని 6 చెబుతుంది. ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా చెడిపోయేంత నీరు లోపలికి పోదని 7 చెబుతుంది. ఆ పరీక్ష చేసేది మామూలు నీళ్లతో. సముద్రపు ఉప్పుగాలి, కటింగ్ ఆయిల్, ఆమ్లపు ఆవిరి, వైబ్రేషన్, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ మధ్య ఏళ్ల తరబడి సాగే వ్యాకోచ సంకోచాలు, వీటిలో ఏ ఒక్కటీ ఆ పరీక్షలో లేదు. ఇంకో మాట చాలామంది గమనించరు. నీళ్లలో ముంచే పరీక్ష నెగ్గిన వస్తువు నీటి ధారకు తట్టుకుంటుందని ఆ ప్రమాణం చెప్పదు. అవి వేరు వేరు పరీక్షలు. షిఫ్టు చివర హోసు పెట్టి ప్లాంటును కడిగేచోట ఐపీ 67 అన్న అంకెను నమ్ముకోవడానికి ఆధారం లేదు. 80 డిగ్రీల వేడి నీళ్లను 80 నుంచి 100 బార్ ఒత్తిడితో కొట్టే ఐపీ 69కె పరీక్ష నెగ్గిన సెన్సారే కొన్నారనుకుందాం. దాని ఎం12 కనెక్టరును వేళ్లతో సగం తిప్పి వదిలేస్తే ఆ రేటింగు అంతటితో సరి. రేటింగు సెన్సారుకు ఉంది, బిగింపుకు లేదు.

నీరు సెన్సారు ముఖంలోంచే పోతుందనుకోవడం మరో పొరపాటు. తీసేసిన సెన్సారు కేబులును ఒక జానెడు దూరంలో కోసి, పైతొడుగు ఒలిచి చూడండి. ఆరోగ్యంగా ఉన్న రాగి తీగ ఎర్రగా మెరవాలి. నల్లబడో, పచ్చని చిలుము పట్టో ఉంటే నీరు వచ్చిన దారి అదే. ఎక్కడో కేబుల్ ట్రే అంచుకు రాసుకుని తొడుగు చిరుగుతుంది. లేదా జంక్షన్ బాక్సు గ్లాండ్ వదులై లోపల నీళ్లు చేరతాయి. సన్నని తీగల మధ్య సందుల్లోంచి ఆ తేమ పాకుతూ పాకుతూ సెన్సారు వెనక భాగానికి చేరుతుంది. వేడెక్కిన సెన్సారు మీద ఒక్కసారిగా చల్లని కూలెంటు పడినప్పుడు లోపలి గాలి కుంచించుకుని ఆ తేమను ఇంకా లోపలికి లాగుతుంది. ఇలాంటి చోట ప్రపంచంలోకెల్లా మంచి సెన్సారు పెట్టినా దాని గతి అంతే. కేబులు మార్చి, దాన్ని కిందికి ఒక వంపు తిప్పి బొట్లు అక్కడే రాలిపోయేలా చేసి, గ్లాండ్ బిగించి, నూనె ఉన్నచోట పీవీసీ బదులు పాలీయురేథేన్ తొడుగు వాడితే మామూలు సెన్సారే నిలుస్తుంది.

రోలింగ్ మిల్లులో ఇంకో శత్రువు ఉంది. ఎర్రగా కాలిన ఉక్కు మీంచి రాలే స్కేల్ నీళ్లతో కలిసి బురదలా సెన్సారు ముఖానికి పట్టుకుంటుంది. బొగ్గు పొడిలా ఇది అమాయకమైన దుమ్ము కాదు, ఇనుప ఆక్సైడ్. అది పేరుకుంటే సెన్సారు దాన్నే ఫ్లాగ్ అనుకుని ఆన్‌లో ఉండిపోవచ్చు. ముఖం కిందికి చూసేలా బ్రాకెట్ తిప్పితే, ఎయిర్ లైన్ నుంచి చిన్న గాలి ధార వదిలితే, దూరం ఎక్కువున్న సెన్సారు తీసుకుని వెనక్కి జరిపితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. వీటిలో ఒక్కటి కూడా 'మార్చడం' కిందికి రాదు. చోటును సరిచేయడం కిందికి వస్తుంది.

నిజంగానే చచ్చిపోయే సెన్సార్లు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. మామూలు సెన్సారు మైనస్ 25 నుంచి 70 డిగ్రీల వరకు పనిచేయడానికి చేసింది. దాన్ని 300 డిగ్రీల చుట్టుపక్కల ఉండే సిమెంటు కిల్న్ షెల్ ఎదుట అడ్డు కూడా లేకుండా పెడితే చస్తుంది. కానీ చాలా సెన్సార్లను చంపేది వాతావరణం కాదు, మన పనితీరు. షట్‌డౌన్‌లో కేబుల్ ఇన్సులేషన్ చూడాలని సెన్సారు కనెక్షన్ తీయకుండానే 500 వోల్టుల మెగ్గర్ పెడతారు, 30 వోల్టులకు మించి తట్టుకోలేని ఎలక్ట్రానిక్స్ అక్కడికక్కడే కాలిపోతుంది. చ్యూట్‌కు ప్లేటు వెల్డింగ్ చేస్తూ ఎర్త్ క్లాంపును ఎక్కడో దూరంగా స్ట్రక్చర్‌కు తగిలిస్తారు, వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే దారిలో సెన్సారు కేబులు షీల్డు, బేరింగులు బలవుతాయి. డీసీ రిలే కాయిల్‌కు డయోడ్ పెట్టరు, ఆపిన ప్రతిసారీ దాని ఎదురు వోల్టేజి సెన్సారు అవుట్‌పుట్‌ను కొడుతుంది. డ్రైవ్‌ల పవర్ కేబుళ్లతో కలిపి ఒకే ట్రేలో సెన్సారు కేబులు లాగుతారు, దొంగ పల్సులు వస్తాయి. స్టోర్సులో పీఎన్‌పీ లేదని ఎన్‌పీఎన్ ఇస్తారు, అది పనిచేయకపోతే ఈ బ్రాండే బాగాలేదంటారు. ఇవన్నీ మనుషులు చేసిన తప్పులు. వీటికి దుమ్మునూ ఎండనూ సాక్ష్యానికి పిలవడం న్యాయం కాదు.

దీనికి వచ్చే అసలు అభ్యంతరం నాకు తెలుసు. "లైను ఆగితే గంటకు పోయే డబ్బు ముందు సెన్సారు ధర ఎంత? అర్ధరాత్రి రెండు గంటలకు ప్రొడక్షన్ వాళ్లు నెత్తిమీద నిలబడి ఉంటే విచారణలు కుదురుతాయా?" ఈ మాటలో బలం ఉంది. అర్ధరాత్రి రెండు గంటలకు సెన్సారు మార్చి లైను నడపండి, తప్పులేదు. కానీ తీసిన సెన్సారును చెత్తలో వేయకండి. ఏ చోటు నుంచి, ఏ రోజు, ఏ లక్షణంతో తీశారో రాసి ఒక ట్యాగు కట్టి బెంచి మీద పెట్టండి. తెల్లారాక డే షిఫ్టు దాన్ని పరీక్షిస్తుంది. పైగా లైను ఆగితే పోయే డబ్బే మీ వాదనకు ఆధారమైతే, ఆ లెక్క మీకే ఎదురు తిరుగుతుంది. ఒక్కసారి ఆగడం ఖరీదైనప్పుడు అదే కారణంతో పదే పదే ఆగడం ఎంత ఖరీదు? ధర లెక్క కట్టాల్సింది సెన్సారుకు కాదు, తిరిగి తిరిగి వచ్చే బ్రేక్‌డౌన్‌కు.

ఈ అభిప్రాయం ప్రమాదకరమని మొదట్లో అన్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. సెన్సార్లు ఎలాగూ పోతుంటాయని నమ్మినవాడు సెన్సారు చెప్పేదాన్ని కూడా నమ్మడు. బెల్టు ట్రిప్ అయిన ప్రతిసారీ మళ్లీ ఆ దిక్కుమాలిన సెన్సారే అనుకుంటాడు. కొన్నాళ్లకు జంక్షన్ బాక్సులో ఒక చిన్న తీగ ముక్కతో జంపర్ పడుతుంది, లేదా పీఎల్‌సీలో ఆ సిగ్నల్‌ను ఫోర్స్ చేస్తారు. లైను హాయిగా నడుస్తుంది. బొగ్గు కన్వేయర్ టెయిల్ పుల్లీ దగ్గర, బెల్టు ఆగితే డ్రైవ్‌ను ఆపడానికి పెట్టిన జీరో స్పీడ్ స్విచ్‌కే ఈ గతి పట్టిందనుకోండి. చ్యూట్ జామై బెల్టు ఆగిపోతుంది, డ్రైవ్ పుల్లీ మాత్రం దాని కింద తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు, ఉక్కు ఒరుసుకుని వేడి పుడుతుంది. చుట్టూ బొగ్గు పొడి. ఆగమని చెప్పాల్సిన ఒక్క నోటినీ మనమే కట్టేశాం. కన్వేయర్ మంటలకు తెలిసిన కారణాల్లో జారే బెల్టు ఒకటి. దాన్ని కనిపెట్టడానికి పెట్టిన కాపలాను తప్పుడు నమ్మకంతో తీసేయడం కన్నా పెద్ద నేరం మెయింటెనెన్స్‌లో ఏముంటుంది?

తప్పు సెన్సారుదో తీగదో తెలియని ఈ సమస్యను సెన్సార్లు తయారుచేసే రంగం ఎప్పుడో గుర్తించింది. రసాయన కర్మాగారాల్లో వాడే నామూర్ రకం సెన్సారును చూడండి. 8.2 వోల్టులతో నడిచే రెండు తీగల సెన్సారు అది. ముందు లోహం లేనప్పుడు 2.1 మిల్లీ ఆంపియర్ల పైన, లోహం ఉన్నప్పుడు 1.2 కింద కరెంటు తీసుకుంటుంది. తీగ తెగితే కరెంటు దాదాపు సున్నా అవుతుంది, షార్ట్ అయితే 6 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. అంటే 'లోహం లేదు' అన్న మాటనూ 'నా తీగ తెగింది' అన్న మాటనూ అది వేర్వేరుగా చెబుతుంది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో ఈ పరికరాలను ఇంత బాగా తీర్చిదిద్దారు. ఆ పట్టుదలను మన మెయింటెనెన్స్ చేతిలోకి తీసుకోకపోతే తప్పు మనది.

అందుకు ఏం చేయాలి? స్టోర్సు రికార్డును మార్చడంతో మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆ రికార్డు ఏ సెన్సారు ఎన్ని ఖర్చయ్యాయో చెబుతుంది. ఎక్కడ ఖర్చయ్యాయో చెప్పదు. ప్రతి ఇండెంట్ మీద ఆ చోటు ట్యాగ్ నంబరు రాయాలి. ఒకే ట్యాగ్ మీద రెండోసారి ఇండెంట్ వస్తే మూడో సెన్సారు ఇవ్వడానికి ముందు కారణం అడగాలి. ఆ కారణం వెతకడానికి ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషితోపాటు మెకానికల్ మనిషి కూడా వెళ్లాలి. బ్రాకెట్, ఫ్లాగ్, బేరింగు ఒక విభాగానివి, సెన్సారు మరో విభాగానిది అన్న గోడ ఉన్నంతకాలం ఏ విభాగమూ గ్యాప్‌ను తనదనుకోదు. జంపర్ పెట్టాల్సివస్తే అది లాగ్‌బుక్‌లో గడువుతో, పెట్టినవాళ్ల సంతకంతో ఉండాలి. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడు చదివి వచ్చే పిల్లలకు స్పానర్‌తో చేసే ఆ చిన్న విచారణను మొదటి వారంలోనే నేర్పాలి.

ఈ చివరి మాట నాకు అన్నిటికన్నా ముఖ్యం. విప్పడం, బిగించడం మాత్రమే నేర్పితే మన కుర్రాళ్లు విడిభాగాలు మార్చేవాళ్లుగానే మిగిలిపోతారు. ఒకే సెన్సారు కోసం రాత్రిళ్లు బొగ్గు పొడిలో కన్వేయర్ గ్యాలరీ పైదాకా మళ్లీ మళ్లీ ఎక్కేదీ వాళ్లే. ఎందుకు పోయిందని అడగడం నేర్పితే వాళ్లు నిజమైన టెక్నీషియన్లు అవుతారు, ఆ మెట్లు ఎక్కాల్సిన అవసరమూ తగ్గుతుంది. కాబట్టి ఈసారి సెన్సారు పోయిందని ఎవరైనా చెబితే, కొత్తది ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేయండి: పోయిందని ఎలా తేల్చావు? దానికి జవాబు వచ్చిన రోజు మన ప్లాంట్లలో మరమ్మతు మొదలైనట్టు లెక్క.